పిల్లికీ షుగరు.. ఇంట్లో అదుపు తప్పకుండా చూడటమెలా?

గుడ్లవల్లేరు: వడ్ల గాదెకు ఎలుకల బెడద లేకుండా పిల్లిని పెంచుకోవడం డెల్టా పల్లెల్లో తాతల నాటి అలవాటు. కాలక్రమంలో గాదెలు తగ్గాయి. పిల్లులు మాత్రం వసారా నుంచి నట్టింటికి చేరాయి. ఎలుక వేట పోయి గిన్నెలో పాలన్నం, మంచం మీద నిద్ర అలవాటయ్యాయి. దీంతో వాటి ఒళ్లు, ఆయుష్షు రెండూ పెరిగాయి. వాటితోపాటే మనిషికి వచ్చే మధుమేహం పిల్లికీ వస్తోంది. పిల్లికి షుగరేమిటని నవ్వి ఊరుకుంటే ఆ మూగజీవి కొద్ది నెలల్లోనే చిక్కి శల్యమవుతుంది. సకాలంలో గుర్తించి ఇంట్లోనే శ్రద్ధగా చూసుకుంటే ఏళ్ల తరబడి బతుకుతుంది. కొన్నింటికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అయితే రక్తంలో చక్కెర ఒకరోజు ఆకాశానికి, మరో రోజు పాతాళానికి పోతుండటమే ఇళ్లలో అందరినీ కంగారు పెట్టే సమస్య.

బ్రిటన్‌లో బీమా చేయించిన పెంపుడు పిల్లులపై 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం ప్రతి 230 పిల్లుల్లో ఒకదానికి ఈ వ్యాధి ఉంది. వయసు మళ్లినవి, స్థూలకాయం ఉన్నవి, శస్త్రచికిత్స చేయించిన మగ పిల్లులు దీనికి ఎక్కువగా గురవుతాయి. కుక్కల్లో క్లోమం నుంచి ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. పిల్లుల్లో అలా కాదు. వాటి వ్యాధి మనుషుల్లో పెద్ద వయసులో వచ్చే రెండో రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. ఇన్సులిన్ కొంత తయారవుతూనే ఉంటుంది గానీ శరీరం దాన్ని సరిగా వాడుకోలేదు. ఆరంభంలోనే చక్కెరను అదుపు చేస్తే అలసిన క్లోమం తేరుకునే అవకాశం ఉండటానికి కారణం ఇదే. జర్మనీలో యజమానులు ఇంట్లోనే రక్తపరీక్షలు చేసుకుంటూ గ్లార్జిన్ ఇన్సులిన్ ఇచ్చిన 55 పిల్లుల వివరాలు 2009లో ప్రచురితమయ్యాయి. వాటిలో 64 శాతం పిల్లులకు తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. వ్యాధి బయటపడిన ఆరు నెలల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టిన వాటిలో ఆ సంఖ్య 84 శాతం. ఆలస్యమైన వాటిలో 35 శాతమే.

చీమలు చెప్పే కబురు

పిల్లి మూత్రం పోసిన చోట చీమలు ముసురుతుంటే అనుమానించాల్సిందే. మనిషికి రక్తంలో చక్కెర 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి దిగుతుంది. పిల్లికి ఆ హద్దు సుమారు 250 మిల్లీగ్రాములు. అంటే మూత్రంలో చక్కెర కనిపించే సరికే వ్యాధి బాగా ముదిరి ఉంటుంది. అస్తమానం నీళ్లు తాగడం, ఎక్కువసార్లు మూత్రం పోయడం, బాగా తింటున్నా బక్కచిక్కడం ప్రధాన లక్షణాలు. ఆరుబయట తిరిగే పిల్లి కాలువలోనో, గేదెల కుడితి తొట్టిలోనో నీళ్లు తాగేసి వస్తుంది కాబట్టి దాహం పెరిగిన సంగతి ఇంట్లో తెలియదు. మునివేళ్లపై నడవాల్సిన పిల్లి వెనుక కాళ్ల మడమలను నేలకు ఆనించి కుంగినట్లు నడుస్తుంటే నరాలు దెబ్బతిన్నాయని గ్రహించాలి. గోడ దూకే పిల్లి బల్ల మీదకు కూడా ఎక్కలేకపోవడం మరో గుర్తు. చక్కెర అదుపులోకి వచ్చాక ఈ నడక చాలావరకు సర్దుకుంటుంది. అందుకు నెలలు పట్టవచ్చు.

ఒక్క రక్తపరీక్షతో నిర్ధారణకు రాకూడదు. సంచిలో వేసి, బస్సెక్కించి, కుక్కల మధ్య కూర్చోబెడితే ఆరోగ్యంగా ఉన్న పిల్లికి కూడా భయంతో చక్కెర 300 దాటవచ్చు. ఆ తేడా తేల్చడానికి ఫ్రక్టోజమైన్ అనే పరీక్ష ఉంది. అది గడచిన ఒకటి రెండు వారాల సగటును తెలియజేస్తుంది. మూత్రపరీక్షను దీనికి జత చేస్తే వ్యాధి సంగతి స్పష్టమవుతుంది.

సీసా ఒకటి.. సిరంజీ మరొకటి

ఇంట్లో జరిగే ప్రమాదాల్లో ప్రాణం మీదకు తెచ్చేది ఇదే కనుక కాస్త వివరంగా తెలుసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని తేల్చింది. ఊళ్లో ఏ నాలుగిళ్లు చూసినా ఎక్కడో ఒకచోట ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసా కనిపిస్తోంది. తాతగారి సీసాలోంచి పిల్లికీ ఓ బొట్టు ఇద్దామన్న ఆలోచన కూడా అక్కడి నుంచే పుడుతోంది.

మన దేశంలో మనుషులకు సీసాల్లో అమ్మే మామూలు ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో ఉంటుంది. దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి. గ్లార్జిన్ వంటివి, పెన్నుల్లో వచ్చేవి మిల్లీలీటరుకు 100 యూనిట్ల బలం గలవి. దానికి నారింజ రంగు మూత సిరంజీ. 100 బలం గల మందును ఎర్ర మూత సిరంజీలో రెండు గీతల వరకు తీస్తే పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండు యూనిట్లు కాదు, అయిదు. నాలుగు కిలోల పిల్లికి అది ప్రాణాంతకం కావచ్చు. తారుమారుగా 40 బలం గల మందును నారింజ మూత సిరంజీలో రెండు గీతలు తీస్తే వెళ్లేది 0.8 యూనిట్ మాత్రమే. అప్పుడు మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుతారు. తర్వాత ఎవరో సరైన సిరంజీ తెచ్చి అదే గీత వరకు తీస్తారు. చక్కెర ఉన్నట్టుండి అట్టడుగుకు పడిపోవడానికి ఈ మార్పిడి ఒక ముఖ్య కారణం. మందుల దుకాణంలో సీసాపై ఉన్న 40 లేదా 100 అంకెను, సిరంజీపై ఉన్న అంకెను పక్కపక్కన పెట్టి చూసుకున్న తర్వాతే డబ్బు చెల్లించాలి.

పిల్లికి సాధారణంగా పశువైద్యులు పూటకు ఒక యూనిట్‌తో, పన్నెండు గంటలకోసారి మొదలుపెడతారు. చాలా పిల్లులకు ఆరంభంలో పూటకు రెండు యూనిట్లు మించనివ్వరు. అర యూనిట్ తేడా కూడా లెక్కే కనుక అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ల చిన్న సిరంజీ దొరికితే మేలు. అవి 100 బలం గల మందుకే పనికొస్తాయన్నది మరువరాదు. నీళ్లు కలిపి మందును పలుచన చేయడం ఎంతమాత్రం తగదు. మనుషులు వాడే 30/70 మిశ్రమ ఇన్సులిన్‌ను గానీ, భోజనానికి ముందు తీసుకునే త్వరిత ఇన్సులిన్‌ను గానీ పశువైద్యుడు చెప్పకుండా ఇవ్వకూడదు. షుగరు మాత్రల సంగతీ అంతే. సందర్భం వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి.. జ్వరమొచ్చిందని పిల్లికి పారాసిటమాల్ వేస్తే ఒక్క మాత్రతోనే చనిపోవచ్చు.

తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి వాడాలి. సీసాను గిలక్కొట్టరాదు. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది. అది మసకబారితే పారేయాల్సిందే. సూది గుచ్చే చోటు రోజూ మార్చాలి. వీపు పక్కన, పొట్ట పక్కన చర్మాన్ని గుడారంలా పైకి లాగి గుచ్చితే పిల్లికి పెద్దగా తెలియదు. బొచ్చులోకి పోయి మందు బయటే కారిపోవడం మామూలే. బొచ్చు తడిగా అనిపించి, లోపలికి సగమే పోయిందని అనుమానం వచ్చినా రెండోసారి గుచ్చకూడదు. ఒక పూట మందు తగ్గితే కొంప మునగదు. రెండు మోతాదులు పడితే మునుగుతుంది. అందుకే గోడ మీది క్యాలెండరులో ఎవరు, ఎన్ని గంటలకు, ఎన్ని యూనిట్లు ఇచ్చారో రాసి ఉంచాలి. నాట్ల రోజుల్లో తెల్లవారుజామునే పొలానికి వెళ్లినవారు ఇచ్చేశారో లేదో తెలియక ఇంట్లో ఉన్నవారు మళ్లీ ఇస్తే ముప్పే.

చెవి అంచున చుక్క రక్తం

ఆసుపత్రిలో భయంతో పెరిగే చక్కెర కంటే ఇంట్లో, దాని సొంత గోనెపట్టా మీద తీసిన చుక్క ఎక్కువ నిజం చెబుతుంది. పిల్లి చెవి బయటి అంచు వెంబడి సన్నని రక్తనాళం ఉంటుంది. గోరువెచ్చని గుడ్డతో చెవిని ఒక నిమిషం అద్ది, వెనుక దూది ఆనించి, అంచు మీద సూదితో గుచ్చితే చిన్న చుక్క వస్తుంది. దాన్ని గ్లూకోమీటరు స్ట్రిప్పుకు తాకిస్తే చాలు. గుచ్చిన చోట ఒక నిమిషం నొక్కిపట్టి, ఉడికించిన చేప ముక్క పెట్టాలి. మూడు నాలుగు రోజుల్లో చేప కోసం అదే వచ్చి కూర్చునే పిల్లులూ ఉన్నాయి. కరిస్తే, రక్కితే మాత్రం ఆ గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. పిల్లి ద్వారా కూడా రేబిస్ సోకుతుంది. దానికి టీకా వేయించాకే ఈ పనికి పూనుకోవడం మంచిది.

మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తాన్ని సాధారణంగా ఉన్నదానికంటే కొంత తక్కువగా చూపుతుంది. జంతువుల కోసం ప్రత్యేకంగా తయారైన మీటర్లు విదేశాల్లో దొరుకుతాయి. మన వద్ద చాలామందికి మనుషుల మీటరే దిక్కు. అయినా నష్టం లేదు. ఎప్పుడూ ఒకే మీటరు వాడి, హెచ్చుతగ్గుల తీరు చూసుకుంటే సరిపోతుంది. ఆ మీటరులో 60 చూపితే అది తప్పు అంకెలే అని వదిలేయకుండా పడిపోయినట్లుగానే భావించాలి.

అదుపు తప్పిన పిల్లికి అసలు లెక్క తేలాలంటే ఒక రోజంతా కేటాయించాలి. ఉదయం మేతకు, సూదికి ముందు ఒకసారి, ఆ తర్వాత రెండు గంటలకోసారి చొప్పున సాయంత్రం సూది వేళ వరకు చూసి కాగితంపై రాయాలి. మందు బాగా పనిచేసే వేళ చక్కెర అన్నిటికంటే కిందకు దిగుతుంది. చాలా పిల్లుల్లో అది సూది తర్వాత నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య ఉంటుంది. ఆ అట్టడుగు అంకె 80 నుంచి 150 మధ్య ఉంటే మోతాదు సరిపోయినట్లు. 80 కంటే తగ్గితే మోతాదు తగ్గించాలి. సూదికి ముందు తీసిన అంకె ఒక్కటే చూసి మందు పెంచుకుంటూ పోవడమే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. మధ్యాహ్నం 50కి పడిపోయిన చక్కెరను శరీరం కంగారుపడి సొంత హార్మోన్లతో పైకి నెడితే సాయంత్రానికి 400 చూపవచ్చు. దాన్ని చూసి మరో యూనిట్ పెంచితే మరునాడు మరింత పడిపోతుంది. మోతాదు మార్చిన తర్వాత వారం రోజులైనా ఆగి చూడాలని పశువైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకో మోతాదు మార్చడం పనికిరాదు. చర్మానికి అంటించే సెన్సర్లు కూడా ఇప్పుడు పిల్లులకు వాడుతున్నారు గానీ ఖర్చు భరించగలవారికే అది సాధ్యం.

పడిపోతే పది నిమిషాలే కీలకం

చక్కెర 60 కంటే తగ్గితే పిల్లి తూలుతుంది, ఆకలితో ఆరాటపడుతుంది లేదా మూలన ముడుచుకుంటుంది. కళ్లు తేలేయడం, ఒళ్లు కొట్టుకోవడం, ఫిట్స్ రావడం ఆ తర్వాతి దశలు. మింగగల స్థితిలో ఉంటే వెంటనే మేత పెట్టాలి. తినకపోతే తేనె గానీ, నీళ్లలో చిక్కగా కలిపిన గ్లూకోజు పొడి గానీ, పంచదార పాకం గానీ వేలితో చిగుళ్లకు రుద్దాలి. స్పృహ లేని పిల్లి నోట్లో నీళ్లు, పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది. ఫిట్స్ వస్తుంటే కరుస్తుంది కాబట్టి పళ్ల మధ్య వేలు పెట్టరాదు. పది నిమిషాలకు మళ్లీ చూసి, తేరుకోగానే మేత పెట్టి, ఆ పూట ఇన్సులిన్ ఆపి పశువైద్యుడికి చూపించాలి. మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది కనుక తేరుకుందని నిద్రపోవడం ప్రమాదం. మేత ముట్టని పూట మామూలు మోతాదు ఇవ్వకుండా ముందు ఫోనులో వైద్యుడిని అడగాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అపాయం మరొకటి ఉంది. మందు అందక శరీరం కొవ్వును కరిగించుకుంటే రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. వాంతులు, మేత మానేయడం, నోట్లోంచి మగ్గిన పండు లాంటి వాసన దాని గుర్తులు. మందుల దుకాణంలో దొరికే మూత్ర స్ట్రిప్పుతో కీటోన్లు కనిపిస్తే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి.

పాలన్నం మానిపించేదెలా?

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దాని లాలాజలంలో పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైము లేదు. ఒక్కసారిగా వచ్చిపడే చక్కెరను పట్టి నిల్వ చేసే శక్తి దాని కాలేయానికి తక్కువ. వరి డెల్టాలో పుట్టిన పాపానికి మూడు పూటలా అన్నమే దొరుకుతుంటే చక్కెర అదుపులో ఉండదు. మార్కెట్లో దొరికే గట్టి గుళికల మేతలోనూ పిండి పదార్థం ఎక్కువే. తడిగా డబ్బాల్లో, ప్యాకెట్లలో వచ్చే పిల్లి మేతల్లో అది తక్కువ కాబట్టి వాటికే ప్రాధాన్యం ఇవ్వాలి.

కొనలేనివారికి చెరువుల జిల్లాలో చేపకు కొదవ లేదు. శీలావతి, బొచ్చె ముక్కలను ఉప్పు, కారం, చింతపండు లేకుండా ఉడికించి, ముళ్లు తీసి పెట్టవచ్చు. కూరలోని ముక్క కడిగి పెడితే చాలదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను నాశనం చేస్తాయి. కొన్ని రకాల మంచినీటి చేపల పచ్చిమాంసంలో థయమిన్ విటమిన్‌ను హరించే పదార్థం ఉంటుంది. ఉడికిస్తే అది పోతుంది. గుండెకు, కంటిచూపుకు అత్యవసరమైన టౌరిన్ మాత్రం ఉడికించిన నీళ్లలోకి దిగిపోతుంది కనుక ఆ నీళ్లను పారబోయకుండా ముక్కలతో కలిపి ఇవ్వాలి. చేప ఒక్కటే ఏళ్ల తరబడి పెట్టినా విటమిన్-ఇ లోపం వస్తుంది. కోడిమాంసం, గుడ్డు, వారానికోసారి కొద్దిగా కార్జం మార్చి మార్చి పెట్టాలి. బందరు, నాగాయలంక తీరంలో చవకగా దొరికే ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. వాటిని వాడకపోవడమే నయం.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి అన్నం ఒక్కసారిగా మానిపించి చేపకు మారిస్తే చక్కెర హఠాత్తుగా తగ్గుతుంది. పాత మోతాదు అప్పుడు ఎక్కువైపోతుంది. వారం, పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. ఆ రోజుల్లో చెవి పరీక్ష రెండు పూటలా చేస్తూ పశువైద్యుడి సలహాతో మోతాదు దించుకోవాలి. బరువు తగ్గించడంలోనూ తొందర కూడదు. లావుపాటి పిల్లిని రోజుల తరబడి పస్తు ఉంచితే కాలేయానికి కొవ్వు పట్టి మరణిస్తుంది.

కరెంటు పోతే.. కుండే దిక్కు

ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసు గడ్డ కట్టే అరకు ఆనుకుంటే గడ్డకట్టి చెడిపోతుంది. కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది గానీ పనిచేయదు. మే నెల ఎండల్లో బయట ఉంచినా అంతే. కారణం తెలియకుండా చక్కెర పెరిగిపోతుంటే మొదట అనుమానించాల్సింది పిల్లిని కాదు, సీసాను. పది మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు ఉంటాయి. పూటకు ఒక యూనిట్ చొప్పున నెలకు ఖర్చయ్యేవి 60. మిగిలింది పారేయాలంటే మనసొప్పదు. అయితే తెరిచిన నాలుగు వారాల తర్వాత దాని బలంపై భరోసా ఉండదు. తెరిచిన తేదీని సీసాపై రాసి ఉంచాలి. ఇంకొంతకాలం వాడవచ్చో లేదో వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన ప్రాంతానికి తుపాను భయం కొత్త కాదు. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిగ్‌జాం వంటి తుపాన్లు వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. తడి ఇసుకలో ఉంచిన మట్టికుండలో, నీరు తగలకుండా మూత బిగించిన డబ్బాలో సీసాను పెడితే బయటికంటే చల్లగా ఉంటుంది. కుండ చల్లదనం నీరు ఆవిరి కావడం వల్ల వస్తుంది. కోస్తా గాలిలో తేమ ఎక్కువ కనుక రాయలసీమలో పనిచేసినంతగా ఇక్కడ పనిచేయదు. ఐసుముక్కల మీద నేరుగా పెట్టడం కంటే మాత్రం కుండే నయం.

ఎంత చేసినా దిగకుంటే..

పూటకు అయిదారు యూనిట్లు ఇస్తున్నా చక్కెర దిగని పిల్లికి లోపల మరో జబ్బు ఉన్నట్లే. పుచ్చిన పళ్లు, చిగుళ్ల చీము, మూత్రనాళ ఇన్ఫెక్షను, క్లోమం వాపు.. వీటిలో ఏదున్నా ఇన్సులిన్ పనిచేయదు. దురదకని, దగ్గుకని ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లు చక్కెరను ఎగదోస్తాయి. ఈ విషయం వైద్యుడికి ముందే చెప్పాలి. మెదడులోని పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల పెరుగుదల హార్మోను అధికం కావడం మరో కారణం. బ్రిటన్‌లో 1,221 మధుమేహ పిల్లులను పరీక్షించి 2015లో ప్రకటించిన ఫలితాల్లో దాదాపు నాలుగింట ఒక పిల్లికి ఈ లోపం ఉన్నట్లు అంచనా వేశారు. మధుమేహం ఉండీ బరువు పెరుగుతున్న పిల్లి, మొహం వెడల్పవుతున్న పిల్లి కనిపిస్తే దీన్నే అనుమానించాలి.

సూదికి బదులు నోటి మందులకు అమెరికాలో 2022 డిసెంబరులో ఒకదానికి, 2023లో మరోదానికి అనుమతి లభించింది. అవి చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. ఇప్పటికే ఇన్సులిన్ వాడుతున్న పిల్లులకు అవి తగవు. చక్కెర అంకె మామూలుగా ఉంటూనే కీటోన్లు పెరిగే అపాయమూ వాటిలో ఉంది.

చూపించుకునేదెక్కడ?

పల్లెల్లోని పశువైద్యశాలలకు పాడి పశువులు, జీవాలు, కోళ్లతోనే తీరిక ఉండదు. పిల్లి మధుమేహానికి కావాల్సిన పరీక్షలు అన్నిచోట్లా ఆశించడం సబబు కాదు. 1998లో ఏర్పాటైన గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఈ ప్రాంతానికి అందుబాటులో ఉంది. అది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనిది. గుడ్లవల్లేరు పరిసరాల వారు గుడివాడ మీదుగా అక్కడికి చేరుకోవచ్చు. 2022లో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య అంబులెన్సులకు ఫోను నంబరు 1962.

వెళ్లేటప్పుడు పిల్లిని గోనెసంచిలో కుక్కకుండా గాలి ఆడే బుట్టలో, అది రోజూ పడుకునే పాత గుడ్డ వేసి తీసుకెళ్లాలి. పన్నెండు గంటల అంకెలు రాసిన కాగితం, క్యాలెండరులోని మోతాదుల లెక్క, వాడుతున్న సీసా, సిరంజీ, గ్లూకోమీటరు వెంట ఉండాలి. సిరంజీలో మందు ఎలా తీస్తున్నారో వైద్యుడి ఎదుట ఒకసారి తీసి చూపించాలి. వాడేసిన సూదులను పంటకాలువలో, పెంటకుప్పలో పారేయకుండా మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడ అప్పగించాలి.